ఎకరం చేపల గుంటకు ఎంత కషాయం?

పొద్దున్నే మామ ఫోను. "పాపా, రోహులకి ఎర్రమచ్చలొచ్చినాయి. వేపాకు ఉడకేస్తుండా, ఒకసారి వచ్చి పో." నేను బండి మీద ఇందుకూరుపేట చేరేసరికి ఉడకేయడం అయిపోయింది కూడా. గట్టు మీద పెళ్లిళ్లలో వాడే గుండిగ, నిండా కషాయం.

పోయిన పంటలో షాపువాళ్లిచ్చిన యాంటీబయాటిక్ మేతలో కలిపీ కలిపీ విసిగిపోయాడు. అందుకే ఇప్పుడు అన్నీ ఆకులే. కోపంలో న్యాయం ఉంది. ఒకే మందు పదేపదే వాడితే బ్యాక్టీరియా దానికి లొంగడం మానేస్తుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లనే మందులయితే చేపల చెరువులో వాడకూడదనే నిషేధం ఉంది.

ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో చదివేటప్పుడు వెల్లుల్లి సారం పని చేయడం కళ్లారా చూశాను. చిన్న కాగితం బిళ్లని సారంలో ముంచి బ్యాక్టీరియా పళ్లెం మీద పెడితే, మర్నాటికి బిళ్ల చుట్టూ ఏమీ మొలవని గుండ్రటి ఖాళీ. చూడ్డానికి భలే ముచ్చట. కానీ ఆ పళ్లెం అరచేతంత! మామ గుంట ఎకరం, లోతు 5 అడుగులు. లెక్కేసి చూపించాను: 60 లక్షల లీటర్ల పైమాటే. 100 లీటర్ల కషాయం పోస్తే 60,000 వంతుల్లో ఒక్క వంతు.

"అయితే ఇంకో పది గుండిగలు కాస్తా!"

అప్పుడు దెబ్బ చేపకే. వేప ఎక్కువైతే చేపక్కూడా విషమే. పైగా ఇవాళ మబ్బు, ఎండ లేని రోజు నీళ్లలో ఆక్సిజన్ తక్కువే. ఆకు పిప్పి నీళ్లలో కుళ్లితే ఉన్న కాస్త ఆక్సిజనూ పోతుంది.

వల వేయించి నాలుగు చేపల్ని తీయించాను. రెక్కల మొదట్లో చేపపేను! అది కుట్టిన చోటే పుండు, ఆ పుండులోంచే బ్యాక్టీరియా. ఏరోమోనాస్ అనే ఈ బ్యాక్టీరియా ఎప్పుడూ నీళ్లలో ఉండేదే, చేప నలిగినప్పుడు మీద పడుతుంది. ముందు పేను సంగతి చూడాలన్నాను.

ఆకు మందు చోటు నీళ్లు కాదు, మేతగా వేసే తవుడు. అదీ రోగం రాకముందు. జబ్బుపడ్డ చేప గుంటలో వేలాడదీసే మేత బస్తా దగ్గరికే రాదు, ఇక మందు లోపలికెట్టా పోతుంది? వెల్లుల్లిని మాత్రం ఉడకేయొద్దు, దంచినప్పుడు పుట్టే అల్లిసిన్ అనే అసలు మందు వేడికి పాడవుతుంది. పచ్చిగా నూరి, చల్లారిన గంజితో తవుట్లో ముద్ద చేస్తే నీళ్లలో తొందరగా కరిగిపోదు.

"వెల్లుల్లి కూరలోకే లెక్కపెట్టి వేస్తుండా, చేపలకా!" అంది అత్త. సరే, పెరట్లో జామచెట్టుంది గదా, జామాకుతో మొదలుపెడదామన్నాడు మామ. పేను పట్టని గుంటలు రెండు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాంట్లో మేతకి కలిపి, రెండోదాంట్లో కలపకుండా చూద్దామన్నాను.

"నీ చదువంతా నా చేపల మీదనేనా?" అని నవ్వాడు. ఒప్పుకున్నాడు మాత్రం.