పార్వో వచ్చిన మా పండుగాడికి సెలైన్ పెట్టించేసరికి

మా కుక్క పండుగాడు నిన్న రాత్రి లేచి గిన్నెలో గంజి నాకాడు. సంతోషమే గానీ కడుపులో మంట కూడా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

ముందు వాంతులు, తర్వాత నెత్తురు విరేచనాలు. కిట్ పెట్టి చూస్తే పార్వో, అంటే కుక్కలకొచ్చే వైరస్ జబ్బు, అన్నారు. ఇక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

మా దగ్గర్లోని పశువుల ఆసుపత్రిలో మొదలైంది అసలు కథ. "గేదెలకే సెలైన్లు చాలక మేం ఛస్తుంటే ఊరకుక్కకేంటమ్మా?" అన్నాడు కాంపౌండరు, దూడల్ని పట్టుకొచ్చిన జనమంతా వింటుండగా. అందరూ నవ్వారండీ. నేను పిల్లాణ్ణి తువ్వాల్లో చుట్టుకుని తలొంచుకు నిలబడ్డా. కాలి నరం దొరకలేదని, మెడ వెనక తోలు పైకి లాగి సిరంజితో సెలైన్ పొడిచేసి "ఇంటికెళ్ళండి" అన్నాడు. బరువు కూడా చూడలేదు. సాయంత్రానికి ఆ నీళ్ళన్నీ తోలు కిందే జారి ముందుకాళ్ళ దగ్గర వేలాడుతున్నాయి. కాళ్ళు చల్లబడిపోయాయి, చిగుళ్ళు తెల్లగా పాలిపోయాయి.

ఆటో అతను వాసనకి ఎక్కించుకోనంటే మా తమ్ముడి బండి మీద భీమవరం పట్టుకుపోయాం. అక్కడ డాక్టరమ్మ చిగురు మీద వేలితో నొక్కి వదిలింది. రెండు సెకన్లలోపు ఎర్రబడాలట, మావాడికి ఎంతకీ రంగు రాలేదు. "షాక్‌లో ఉన్నాడండీ. ఒళ్ళు గుండెకీ మెదడుకీ రక్తం దాచుకుని తోలుకి ఆపేస్తుంది. తోలు కింద ఎంత పోసినా లోపలికి పోదు" అంది. లాకులు దించేస్తే శివారు చేలకి నీళ్ళందనట్టన్నమాట. ఈ ముక్క ఆ కాంపౌండరుకి తెలీదా, తెలిసే చేశాడా?

తూకం వేస్తే 6 కిలోలు. ముంగాలి వెంట్రుకలు గొరిగి, సన్న కాన్యులా (నరంలో ఉంచే గొట్టం) ఒక్క పోటుకే ఎక్కించింది. ముందు ఆర్‌ఎల్ (రింగర్ లాక్టేట్ అనే సెలైన్) 90 మి.లీ. పావుగంటలో వదిలి, మళ్ళీ చిగురు చూసింది. షుగర్ పడిపోయిందని డెక్స్ట్రోజ్ (గ్లూకోజ్) ఇచ్చింది. ఆ తర్వాత లెక్క కట్టింది: ఒంటి బరువులో పదో వంతు నీరు పోయింది, అంటే 600 మి.లీ.; రోజువారీ అవసరం కిలోకి 60 చొప్పున 360. మొత్తం 960ని 24 గంటలకి పంచితే గంటకి 40. మైక్రో డ్రిప్ సెట్‌లో మి.లీ.కి 60 చుక్కలు కాబట్టి నిమిషానికి 40 చుక్కలు. వాంతులకీ విరేచనాలకీ పోయేది మళ్ళీ అదనం. కిటికీ ఊచకి బాటిల్ కట్టి, ఫోన్‌లో సెకన్లు చూస్తూ రాత్రంతా ఆ చుక్కలు లెక్కపెట్టింది నేనే. డిగ్రీ చదివిన మా తమ్ముడు రెండుసార్లు తప్పాడు, నేను తప్పలేదు.

పొటాషియం కలిపిన బాటిల్ చక్రం మాత్రం ముట్టుకోవద్దంది. వేగం పెరిగితే గుండె ఆగిపోతుందట. ఊపిరి వేగం పెరిగినా, ముక్కులోంచి నీళ్ళు కారినా సెలైన్ ఎక్కువైనట్టే, వెంటనే పిలవమంది. ఈ వైరస్ పేగు పొరనీ తెల్లకణాలనీ దెబ్బతీస్తుందట, దాంతో పేగులోని బాక్టీరియా నెత్తుట్లోకి దిగి సెప్సిస్ (ఒళ్ళంతా పాకే ఇన్ఫెక్షన్) అవుతుంది. అందుకని యాంటీబయాటిక్ కూడా నరంలోకే.

కాబట్టి బరువు తూచకుండా సూది తీసేవాడి దగ్గర ఒక్క క్షణం కూడా నిలబడకండి. డబ్బులంటారా, అయ్యాయి, ఊరకుక్కకి అంత ఖర్చేంటన్న మా ఆడపడుచు వాళ్ళ పెళ్ళిలో బాణాసంచాకి ఎంత తగలేశారో నాకు తెలుసు.

ఇప్పుడు ఒక వంతు బ్లీచ్‌కి 30 వంతుల నీళ్ళు కలిపి అరుగంతా కడుగుతున్నా. పెరటి మట్టిలో ఈ వైరస్ నెలల తరబడి ఉంటుంది, అందుకే పక్కింటి కుక్కపిల్లలకి టీకాలన్నీ పడేదాకా మా గేటుకి తాళమే.