మబ్బు కోసం లాంగ్‌బీచ్ దాకా

హైదరాబాదులో విమానం నడిపే మిత్రులందరూ నన్ను ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ శిక్షణకు అమెరికాలోని అరిజోనా వెళ్లమన్నారు. అక్కడ ఏడాదిలో ఎక్కువ రోజులు ఎండే కాబట్టి శిక్షణ ఆగదని, ఖర్చు కలిసొస్తుందని వాళ్ల లెక్క. కానీ ఇన్‌స్ట్రుమెంట్ రేటింగ్ అంటే బయట ఏమీ కనబడనప్పుడు పరికరాలను నమ్ముకుని విమానం నడిపే అర్హత. దాన్ని మబ్బే లేని చోట నేర్చుకోవడం నాకు మనస్కరించలేదు. నానక్‌రామ్‌గూడ అమెరికా కాన్సులేటులో వృత్తిశిక్షణకిచ్చే ఎం-1 వీసా, ఆపైన విదేశీ విద్యార్థులకు తప్పనిసరైన భద్రతా అనుమతి ముగించుకుని, జూన్‌లో కాలిఫోర్నియాలోని లాంగ్‌బీచ్‌కు బయలుదేరాను.

జూన్‌లోనే ఎందుకంటే, అక్కడి సముద్రం చల్లన. నీటిమీది చల్లగాలి, పైనున్న వెచ్చని గాలిపొర కింద చిక్కుకుని, చాలా రోజులు తెల్లవారేసరికి తీరమంతా మబ్బు పరుచుకుంటుంది. మధ్యాహ్నానికి విడిపోతుంది. మన వానాకాలపు మేఘాల్లో ఉండే ఉరుములు, పెనుకుదుపులు అందులో సాధారణంగా ఉండవు. సెస్నా 172 లాంటి చిన్న విమానంతో నేర్చుకునేవారికి అది వరమే.

లాంగ్‌బీచ్ దగ్గరి సెరిటోస్‌లో పెద్దమ్మ కొడుకు ఇంట్లో దిగాను.

“అందరూ మబ్బును తప్పించుకుని పోతారు. నువ్వు వెతుక్కుంటూ వచ్చావేమిటిరా?” అన్నాడు అన్నయ్య.

“తప్పించుకోలేని రోజు వస్తే ఏం చెయ్యాలో తెలియాలి కదా అన్నయ్యా” అన్నాను.

అమెరికా నిబంధన ప్రకారం 40 గంటల ఇన్‌స్ట్రుమెంట్ అనుభవం కావాలి. బయటి దృశ్యాన్ని కప్పేసే కళ్లద్దాలు పెట్టుకుని ఎండలో ఎగిరినా ఆ గంటలు చెల్లుతాయి. అయితే అద్దాల అంచున వెలుగో నీడో కంటపడుతూనే ఉంటుంది. మబ్బులో ఆ కాస్త ఆసరా కూడా ఉండదు. మొదటిసారి లోపలికి వెళ్లాక, తెలియకుండానే ఎడమకు ఒరిగిన విమానాన్ని సరిచేశాను. హారిజాన్ పరికరంలో రెక్కలు అడ్డగీతతో సమంగా ఉన్నాయి. నాకు మాత్రం కుడివైపు పడిపోతున్నట్టే ఉంది. లోపలి చెవి చెప్పే అబద్ధం అది. మెడ దానంతటదే ఎడమకు వాలింది, చెయ్యి కూడా అటే లాగబోయింది. “హారిజాన్, ఎత్తు, మళ్లీ హారిజాన్” అంటూ శిక్షకురాలు మెల్లగా చెబుతూనే ఉంది. 1954లో ఇలినాయ్ విశ్వవిద్యాలయ ప్రయోగంలో, ఈ శిక్షణ లేని 20 మంది, బయట ఏమీ కనబడకుండా చేస్తే, సగటున 178 సెకన్లలో విమానంపై అదుపు కోల్పోయారు. ఆ అంకె ఎప్పుడో చదివాను గానీ, అది నా ఒంటికి తెలిసింది ఆ ఉదయమే.

నిబంధనల్లో 250 నాటికల్ మైళ్ల ప్రయాణం ఒకటి ఉంది. శంషాబాద్ నుంచి బెంగళూరు విమానాశ్రయానికి నేరుగా వెళ్తే దాదాపు అంత దూరం. దారిలో మూడు రకాల అప్రోచ్‌లు, అంటే పరికరాల సాయంతో రన్‌వే వైపు దిగే పద్ధతులు, చెయ్యాలి. రేడియో సంకేతాల వెంట దిగే మామూలు ఐఎల్ఎస్ అప్రోచ్‌లో నేలకు సుమారు 200 అడుగుల ఎత్తుకు దిగేసరికి రన్‌వే దీపాలైనా కనబడాలి, లేదంటే మళ్లీ పైకి లేవాలి. ఆ క్షణం కోసమే ఈ చదువంతా అనిపించింది నాకు.

పరీక్ష నెగ్గి హైదరాబాదు వచ్చాక, నాదర్‌గుల్‌లో విమానం నడపడం నేర్చుకుంటున్న కుర్రాడొకడు ఎక్కడికి వెళ్లమంటారని అడిగాడు. డబ్బు కాస్త ఎక్కువైనా తీరానికే వెళ్లమన్నాను. రేటింగ్ వచ్చినా, ఆరు నెలల్లో ఆరు అప్రోచ్‌లు, హోల్డింగ్ (దిగే వంతు వచ్చేదాకా గాల్లోనే చుట్లు కొట్టడం) సాధన లేకపోతే దాన్ని వాడుకునే వీలుండదు. అందుకే వచ్చే సెలవులు కూడా లాంగ్‌బీచ్‌కే అట్టిపెట్టుకున్నాను.