పని చేసే మనుషుల కథలు

సినిమాలో కథానాయకుడు ఏ పని చేసి బతుకుతున్నాడో తెలియకపోతే ఆ కథ మీద నాకు మనసు నిలవదు. అతడు పొద్దెక్కాక నిద్ర లేచి, మోటారు సైకిలు మీద ఊరంతా తిరిగి, సాయంత్రం స్నేహితులందరికీ బిర్యానీ తినిపిస్తే, ఆ బిల్లు ఎవరు కట్టారన్న సందేహం నన్ను సినిమా అయిపోయేదాకా వదలదు. మెకానికల్ ఇంజనీరింగ్ చివరి సంవత్సరంలో ఉండి, క్యాంపస్ ప్లేస్‌మెంట్ల జాబితాలో తన పేరు కోసం ఎదురుచూస్తున్నవాడికి ఇటువంటి సందేహాలు రావడం సహజమే కావచ్చు. నాకు బాగా నచ్చినవేవని ఆలోచించినప్పుడు గుర్తుకు వచ్చిన సినిమాల్లోనూ, సీరియళ్ళలోనూ, వీడియోల్లోనూ మనుషులకు చేతినిండా పని ఉంది, లేదా పని లేదన్న బాధ ఉంది.

వాటిలో మొదట చెప్పవలసినది 2019లో వచ్చిన ‘మల్లేశం’. ఆసు యంత్రాన్ని కనిపెట్టి, 2017లో పద్మశ్రీ అందుకున్న చింతకింది మల్లేశం జీవితం ఆధారంగా రాజ్ ఆర్. తీసిన ఈ సినిమాలో ప్రియదర్శి ప్రధాన పాత్ర పోషించారు. పోచంపల్లి చీర మగ్గం ఎక్కడానికి ముందు దారాన్ని అర్ధచంద్రాకారపు చట్రం మీద వరుసగా ఉన్న మేకుల చుట్టూ తిప్పాలి. దానినే ఆసు పోయడం అంటారు. ఒక్క చీరకు చెయ్యి దాదాపు 9,000 సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఎక్కువగా ఇంట్లోని ఆడవాళ్ళ మీద పడుతుంది కాబట్టి, సాయంత్రానికి భుజం పట్టేసి చెయ్యి లేవని స్థితి వస్తుంది. ఝాన్సీ పోషించిన తల్లి పాత్ర ఆ నొప్పిని సంభాషణల్లో పెద్దగా చెప్పదు, కానీ ఆమె చెయ్యి ఆడే తీరులోనే అంతా తెలుస్తుంది. మేము తరగతిలో యంత్రాల చలనం గురించి నేర్చుకునేటప్పుడు పటంలో లింకులు, కీళ్ళు, కోణాలు గీసి మార్కులు తెచ్చుకుంటాం. ఆ చలనం ఎవరి భుజానికి బదులుగా కావాలో మాత్రం ఏ ప్రశ్నపత్రమూ అడగదు. బడి మధ్యలోనే మానేసిన మల్లేశం, బాలానగర్‌లో కరెంటు పనికి వెళ్ళినప్పుడు అక్కడి ఒక యంత్రం కదలికను గమనించి తన చిక్కుముడిని విప్పుకొని, 1999లో పూర్తి చేసిన యంత్రానికి తల్లి లక్ష్మి పేరు పెట్టుకున్నారు. సినిమాగా చూస్తే దీనిలో లోపాలు లేకపోలేదు. ఆ యంత్రం విఫలమైన ప్రతిసారీ ఎక్కడ విఫలమైందో ఇంకొంత వివరంగా చూపించి ఉంటే నావంటివాళ్ళు మరింత సంతోషించేవారు. పాటలు ఒకటి రెండు తగ్గినా నష్టం లేదు.

‘కేరాఫ్ కంచరపాలెం’ (2018) గురించి చాలామంది ప్రేమకథల సినిమాగా మాట్లాడతారు. నేను దానిని చాకిరీ చేసుకునేవాళ్ళ సినిమాగా గుర్తుపెట్టుకున్నాను. పెళ్ళి కాని మధ్యవయసు అటెండరు, అదే ఆఫీసుకు బదిలీపై వచ్చిన అధికారిణి, మద్యం దుకాణంలో సీసాలు అందించే మనిషి, వినాయకుడి విగ్రహం చేసే తండ్రి: వీళ్ళ ప్రేమలు వాళ్ళ పని వేళల మధ్య ఇరుక్కొని ఉంటాయి. వెంకటేష్ మహా విశాఖపట్నంలోని ఆ పేటకే వెళ్ళి, చాలా పాత్రలకు అక్కడివాళ్ళనే తీసుకోవడం వల్ల అటెండరు చేతిలో ఫైలు కూడా అలవాటైన వస్తువులా కనిపిస్తుంది. కథలోని మలుపును మాత్రం ఇక్కడ చెప్పను. ఇంకా చూడనివాళ్ళు ఉంటారు.

టెలివిజన్ విషయానికి వస్తే నాకు ‘అమృతం’ తరువాతే ఏదైనా. గుణ్ణం గంగరాజు నిర్మించిన ఈ ధారావాహిక 2001 నుంచి 2007 వరకు జెమినీ టీవీలో వచ్చింది; నేను దానిని చాలా ఆలస్యంగా యూట్యూబ్‌లో చూశాను. అమృత విలాస్ అనే హోటలు, నష్టాలు, అద్దె కోసం వెంటపడే అప్పాజీ, తెలివిగా సమాధానాలు చెప్పే హోటలు పనివాడు సర్వం, ప్రతి వారం కొత్త పథకంతో ధనవంతులైపోవాలనుకునే అమృతరావు, ఆంజనేయులు. ఆంజనేయులుగా గుండు హనుమంతరావు అమాయకంగా మొహం పెట్టినప్పుడు నవ్వు ఆపుకోవడం నావల్ల కాదు. మా మేనమామ ఖమ్మంలో టిఫిన్ సెంటర్ నడుపుతాడు. సెలవుల్లో నేను అక్కడ గల్లాపెట్టె దగ్గర కూర్చుంటాను. తెల్లవారకముందే గ్రైండర్ మొదలవుతుందనీ, మధ్యాహ్నానికి మిగిలిపోయిన పిండి అంటే పోయిన డబ్బనీ నాకు అక్కడే తెలిసింది. ఈ సీరియల్ చూపించినప్పుడు మామయ్య కడుపుబ్బ నవ్వాడు గానీ, “ఆ చట్నీకి రెండోసారి ఎవడొస్తాడ్రా, గిరాకీ లేకుండా అద్దె ఎట్లా కడతారు?” అని అడిగాడు. అది విమర్శకులకు తట్టవలసిన ప్రశ్న!

ఇటీవలి వెబ్ సిరీస్‌లలో ఈటీవీ విన్‌లో 2024లో వచ్చిన ‘90స్’ నచ్చింది. ఉపాధ్యాయుడైన తండ్రి ప్రతి ఖర్చునూ జీతంతో తూచి మాట్లాడటం మా ఇంట్లోనూ ఉన్నదే. జ్ఞాపకాలను మురిపెంగా అలంకరించే ధోరణి అందులో కొంత ఎక్కువైందని కూడా అనిపించింది.

ఫోనులో నేను చూసేవి ఎక్కువగా చిన్న వీడియోలే. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి నుంచి శ్రీకాంత్ శ్రీరామ్ 2012లో మొదలుపెట్టిన యూట్యూబ్ ఛానెల్ ‘మై విలేజ్ షో’లో పొలం, పశువులు, పండుగ పనులు కథకు వెనుక తెరగా కాక కథలోనే ఉంటాయి. జీవితంలో ఎక్కువ భాగం కూలి పని చేసిన గంగవ్వ, పెద్ద వయసులో కెమెరా ముందుకు వచ్చి తర్వాత ‘మల్లేశం’లోనూ కనిపించారు, ఆమె కొడవలి పట్టుకుంటే ఎవరూ నేర్పించినట్టు ఉండదు. వాటితో పోలిస్తే ఇప్పుడు వరదలా వస్తున్న నిలువు వీడియోలు నాకు చిరాకు పుట్టిస్తాయి. కుమ్మరి చక్రం మీద మట్టిముద్ద పెట్టగానే కుండ తయారైపోతుంది, కమ్మరి ఇనుము కాల్చగానే కత్తి చేతికి వస్తుంది, కింద మాత్రం లక్షల లైకులు. మట్టి తొక్కిన గంటలు, పగిలిపోయిన కుండలు, ఆరకుండానే వాన పడి పాడైనవి కత్తిరించేస్తే ఇక ఆ పనిలో చూడటానికి ఏం మిగులుతుంది? లోహపు ముక్కను తిప్పుతూ చెక్కే లేత్ మిషన్ ముందు ఒక షిఫ్టు మొత్తం నిలబడే మనిషి మీద పూర్తి నిడివి తెలుగు సినిమా ఇంతవరకు నా కంట పడలేదు. ఎక్కడైనా ఉంటే చెప్పండి, సెమిస్టర్ పరీక్షలు అయిన రోజు రాత్రే చూస్తాను.