చెమ్మ మీద కాపలా

ఇంగ్లండ్‌లో ఒక విమానంలో నాకు నాలుగోవంతు వాటా ఉంది. పొందూరులో ఈ మాట చెప్తే కొందరు నమ్మరు. నమ్మినవాళ్లు నేను కోట్లు గడించేశాననుకుంటారు. నిజానికి ఆ వాటాకు నేను పెట్టింది అక్కడ ఓ మాదిరి సెకండ్ హ్యాండ్ కారుకు అయ్యే డబ్బు. మిగతాదంతా చాకిరీ. ఇష్టపడి చేసే చాకిరీ.

నేను ముందు షార్జాలో, తరవాత ఇంగ్లండ్‌లో పెద్ద విమానాలు రిపేరు చేసే హ్యాంగర్లలో పని చేస్తూ వచ్చాను. అక్కడ పని టాస్క్ కార్డు ప్రకారం నడుస్తుంది. ఏ ప్యానెల్ విప్పమంటే అది విప్పాలి, ఏ బోల్టు ఎంత టార్క్‌కి బిగించమంటే అంతకే బిగించాలి, సంతకం పెట్టి షిఫ్టు దిగిపోవాలి. అలా ఉండడమే సరైన పద్ధతి, వందల మంది ప్రాణాలతో వ్యవహారం. కానీ ఒక విమానాన్ని ముక్కు నుంచి తోక దాకా నా చేత్తో ఎరిగే అవకాశం ఆ ఉద్యోగంలో ఏనాడూ రాలేదు. నైట్ షిఫ్టులు చేసి, పగలంతా అద్దె గదిలో కర్టెన్లు వేసుకుని పడుకుంటూ ఏళ్లు గడిపేస్తున్న రోజుల్లో, తోటి మెకానిక్ ఒకాయన ఓ ఆదివారం నన్ను ఊరవతల పొలాల్లోకి తీసుకెళ్లాడు. గడ్డి రన్‌వే, పక్కన ఓ రేకుల షెడ్డు. అందులో ఉంది ఈ జోడెల్. పాత వాటాదారు ఒకరు వయసు మీదపడి తప్పుకుంటున్నారు. ఆ వాటా నేను తీసుకున్నాను.

జోడెల్ ఫ్రెంచ్ విమానం. ఎదువార్ జోలీ, జాఁ దెలెమోంతే అనే ఇద్దరు 1946లో ఫ్రాన్స్‌లోని బోన్ ఊళ్లో కంపెనీ పెట్టి, తమ ఇంటిపేర్లు కలిపి దానికి ఆ పేరు పెట్టారు. యుద్ధం అప్పుడే ముగిసింది, డబ్బుల్లేవు, అల్యూమినియం దొరకదు. అందుకే చెక్కతో, ప్లైవుడ్‌తో, గుడ్డతో తేలిగ్గా కట్టుకోగలిగేలా డిజైన్ చేశారు. మాది డి117 మోడల్, నార్మండీలోని బెర్నే పట్టణంలో తయారైంది. ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. రెక్క మధ్య భాగం బల్లపరుపుగా ఉండి, రెండు చివర్లూ పైకి విరిచినట్టు లేస్తాయి. ఆ రెక్క మొత్తం సుమారు ఎనిమిది మీటర్ల ఒకే ముక్క. కుడి ఎడమలుగా విడదీయడం కుదరదు. దాన్ని దించాలంటే నలుగురు మనుషులు, షెడ్డు బయట బోలెడు ఖాళీ స్థలం కావాలి.

ఇలాంటి విమానాన్ని ఓనర్లే మెయింటెయిన్ చేసుకునే వెసులుబాటు ఇంగ్లండ్‌లో ఉంది. లైట్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ అనే సంస్థ ద్వారా ఏటా ‘పర్మిట్ టు ఫ్లై’ రెన్యువల్ అవుతుంది. పని మనం చేసుకోవచ్చు, కానీ ఆ సంస్థ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి సంతకం పెట్టాలి. చెక్క అతికించి పైన మూసెయ్యడానికి ముందే పిలవాలి, మూసేశాక పిలిస్తే కుదరదు. పెద్ద విమానాల లైసెన్సు నా జేబులో ఉన్నా ఈ షెడ్డులో నేనూ అందరిలాగే ఆయన కోసం ఆగాల్సిందే. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. చేసిన మనిషి కన్ను, చేయని మనిషి కన్ను, రెండూ ఒకే అతుకు మీద పడతాయి.

అసలు కథ తోక దగ్గర మొదలైంది. ఇది తోక చక్రం విమానం. నేల మీద ఉన్నప్పుడు ముక్కు పైకి, తోక కిందకి వాలి ఉంటుంది. లోపలికి ఎక్కణ్నుంచి నీళ్లు దూరినా జారి జారి తోక కొసకే చేరతాయి. డిజైన్ చేసినవాళ్లకి ఈ సంగతి తెలుసు, అందుకే అక్కడ అడుగున చిన్న చిల్లులు పెట్టారు. మా చేతికి రావడానికి చాలా ముందు ఎవరో దీనికి రంగు వేయించారు. నిగనిగలాడే మంచి రంగే. ఆ రంగు కింద చిల్లులన్నీ పూడిపోయాయి. అన్ని శీతాకాలాల చెమ్మా లోపలే ఉండిపోయింది.

ఓ ఏడు శీతాకాలం చెకింగ్‌లో, స్క్రూడ్రైవర్ ప్లాస్టిక్ పిడితో ప్లైవుడ్ మీద తట్టుకుంటూ వెళ్తున్నాను. చెక్క బాగుంటే టక్ టక్‌మని గట్టిగా పలుకుతుంది. తోక దగ్గరికి వచ్చేసరికి ఆ పలుకు పోయింది. గుడ్డ కోసి చూస్తే ప్లైవుడ్ నల్లబారి ఉంది. తలుపు తీయని గోదాములో వచ్చే ముక్కవాసన వస్తోంది. కింది మూల పొడవునా సాగే స్ప్రూస్ కర్ర (విమానాలకి వాడే తేలికైన చలిదేశపు చెట్టు కలప) మీద సూదిమొన ఆనించాను. నొక్కలేదు, ఆనించానంతే. జానెడు మేర ఎక్కడ పెట్టినా దిగిపోతోంది.

ఆ శీతాకాలం అంతా ఆ జానెడు కర్రతోనే గడిచింది. బజార్లో దొరికే కర్ర పనికిరాదు. సర్టిఫికెట్ ఉన్న స్ప్రూస్ తెప్పించుకోవాలి. తెచ్చాక కూడా మనం చూసుకోవాలి: అంగుళానికి కనీసం ఆరు వలయాలు ఉన్నాయా, కర్ర చారలు పదిహేను అంగుళాల పొడవుకి ఒక అంగుళం కంటే ఎక్కువ వాలుతున్నాయా అని. కుళ్లిన భాగం దాటి గట్టి కర్ర తగిలేదాకా కోసి, పాత కర్ర చివర, కొత్త కర్ర చివర ఏటవాలుగా తీర్చాలి. మందానికి పన్నెండు రెట్ల పొడవు వాలు. అంగుళం మందానికి అడుగు పొడవు అతుకన్నమాట. ఆ ముఖాల్ని గరుకు కాగితంతో రుద్దకూడదు. రుద్దితే ఆ పొడి చెక్క రంధ్రాల్లో కూరుకుపోయి జిగురు లోపలికి పట్టదు. పదునైన చిత్రికతోనే తీయాలి. బ్లేడు ఎంత పదునుండాలంటే, లేచే పొర ఉల్లిపొర కంటే పల్చగా, తెగకుండా చుట్టుకుంటూ రావాలి. రెండు ముఖాలూ ఆనించి వెనక టార్చి వేస్తే ఎక్కడా వెలుతురు రాకూడదు. వచ్చిందా, మళ్లీ చిత్రిక.

ఇక జిగురు. ఆ కాలపు చెక్క విమానాల్లో పాల నుంచి తీసే కేసిన్ జిగురు వాడినవి చాలానే ఉన్నాయి. చెమ్మ తగిలితే దానికి బూజు పట్టి పట్టు వదిలేస్తుంది. ఇప్పుడు వాడేవి నీటికి ఓర్చుకుంటాయి, కానీ చలికి సరిగా గట్టిపడవు. ఇంగ్లండ్ జనవరిలో రేకుల షెడ్డు అంటే వేళ్లు కొంకర్లు పోయే చలి. అందుకే తోక చుట్టూ ప్లాస్టిక్ షీట్లతో గుడారం కట్టి, లోపల హీటర్ పెట్టి, థర్మామీటర్ వేలాడదీసి, రాత్రంతా వంతులవారీగా కనిపెట్టుకుని కూర్చున్నాం. నైట్ షిఫ్టులు అలవాటైన మనిషిని కాబట్టి తెల్లవారుజాము వంతు నేనే తీసుకున్నాను. కలిపిన ప్రతి జిగురు నుంచీ ఒక నమూనా ముక్క అతికించి, ఆరాక విరగ్గొట్టి చూడాలి. జిగురు గీత దగ్గర విడిపోతే పని చెడినట్టు. పక్కన కర్రే చీలితే అతుకు నిలిచినట్టు. మా నమూనా ముక్కను ఇన్‌స్పెక్టర్ తన చేత్తో విరిచారు. కర్ర చీలింది. ఆయన ఏమీ మాట్లాడకుండా లాగ్ బుక్ అందుకున్నారు.

ఈ పనిలో నాకు కలిసొచ్చిన సంగతి ఒకటుంది. విమానం డ్రాయింగులు మిల్లీమీటర్లలో ఉంటాయి, ఇంజిన్ అమెరికాది కాబట్టి అది అంగుళాల్లో ఉంటుంది. అందుకే మా దగ్గర రెండు సెట్ల స్పానర్లు, రెండు వేర్వేరు రంగుల పెట్టెల్లో. మిగతా ముగ్గురూ, అందులో రిటైరైన స్కూల్ టీచర్ ఒకాయన, అంగుళాల్లోనే ఆలోచిస్తారు. నేను చదువుకున్నది మెట్రిక్‌లో. అలా డ్రాయింగుల బాధ్యత మెల్లగా నాది అయింది. టీచర్ గారు స్కూలు రోజుల్లో నేర్చిన ఫ్రెంచ్‌తో మాటలు చదివేవారు, నేను కొలతలు చదివేవాణ్ని. ఆ దేశంలో ‘మీరెక్కడివాళ్లు’ అని నన్ను అడగకుండా ‘దీనికేం చేద్దాం’ అని అడిగిన మొదటి చోటు ఆ షెడ్డే.

ఇంజిన్ కాంటినెంటల్ సి90. నాలుగు సిలిండర్లు, 90 హార్స్‌పవర్, గాలితోనే చల్లబడుతుంది. దీని అన్నదమ్ములు మన దేశంలోనూ ఎగిరాయి. మన ప్రభుత్వ విమానాల కంపెనీ హెచ్ఏఎల్ తయారు చేసిన పుష్పక్ విమానం 1958లో తొలిసారి ఎగిరింది, దానికీ సి90 ఇంజినే. మన ఫ్లయింగ్ క్లబ్బుల్లో ఎంతోమంది పైలట్లు దాని మీదే నేర్చుకున్నారు. ఆ సంగతి చెప్పినప్పుడు మా వాటాదారులు ముగ్గురూ పుష్పక్ గురించి గంటసేపు అడిగారు.

దీనికి స్పార్క్ బ్యాటరీ నుంచి రాదు, ఇంజిన్‌తో పాటు తిరిగే మాగ్నెటోలనే చిన్న పరికరాలు తమంతట తామే పుట్టిస్తాయి. స్విచ్ వైరు ఒక్కటి తెగినా, ఆఫ్‌లో ఉందనుకున్న ఇంజిన్ ప్రొపెల్లర్ కదిపితే అంటుకోవచ్చు. అందుకే ప్రొపెల్లర్‌ని ఎప్పుడూ బతికున్నదనే అనుకుని ముట్టుకోవాలి. ఈ ఇంజిన్ పుట్టింది తక్కువ సీసం ఉండే పాత పెట్రోలు కోసం. ఇప్పుడు దొరికే విమాన పెట్రోలు 100ఎల్ఎల్‌లో సీసం అంతకంటే ఎక్కువ. కింది ప్లగ్గులు విప్పితే ఆవగింజల్లాంటి బూడిదరంగు సీసపు పూసలు కనబడతాయి. ఒక్కొక్కదాన్నీ మొనతో గీరి తీయాలి. ఏటా సిలిండర్లకి 80 పౌండ్ల గాలి పట్టించి ఎంత నిలుస్తోందో గేజీలో చూస్తాం. అంకె కంటే చెవికి ఎక్కువ తెలుస్తుంది. సైలెన్సర్ గొట్టంలోంచి బుస్సుమంటే ఎగ్జాస్ట్ వాల్వు, ఆయిల్ పోసే మూత దగ్గర వినబడితే పిస్టన్ రింగులు.

ఇక్కడ కూడా చెమ్మే. ఇంజిన్‌ని నెలల తరబడి తిప్పకుండా వదిలేస్తే లోపల తుప్పు పడుతుంది. పెట్రోలు ట్యాంకులో నీరు చేరుతుంది, అందుకే ఎగిరే ముందు అడుగు నుంచి కొంచెం వంచి గాజు సీసాలో చూస్తాం. గాలిలో చెమ్మ ఉంటే, బయట మంచు లేని రోజున కూడా, గాలీ పెట్రోలూ కలిసే కార్బ్యురేటర్ గొంతులో, పెట్రోలు ఆవిరయ్యేటప్పుడు గాలి బాగా చల్లబడుతుంది కాబట్టి ఐస్ కట్టి ఇంజిన్ ఊపిరి ఆగుతుంది. దానికి వేడిగాలి లాగే నాబ్ ఒకటి ఉంటుంది. ఆ నాబ్ కేబుల్ పనిచేస్తోందా లేదా అని చూడడం రంగు వేయించడం కంటే వెయ్యి రెట్లు ముఖ్యమని నేను గట్టిగా నమ్ముతాను.

గుడ్డ సంగతి మా అమ్మకి చెప్పాను. ఆవిడ పొందూరు ఖద్దరుకి నూలు వడికిన మనిషి. పత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, ఏకు చేసి, నూరో నంబరు సన్నదారం తీసిన చేతులు. పాత విమానాలకి నార గుడ్డ, నూలు గుడ్డ వాడేవారని, అమెరికా ప్రమాణంలో అంగుళం వెడల్పు పట్టీ కొత్తగా ఉన్నప్పుడు 80 పౌండ్ల లాగుడికి ఓర్చుకోవాలని, 56కి దిగిపోతే తీసి పారేయాలని చెప్తే వెంటనే అర్థం చేసుకుంది. మేమిప్పుడు వాడేది పాలిస్టర్. తోక మీద వేసిన దాని తునక ఒకటి పట్టుకెళ్లాను. అమ్మ కళ్లజోడు పెట్టుకోలేదు. బొటనవేలితో ఒకసారి అటు, ఒకసారి ఇటు లాగి చూసింది.

"పడుగూ పేకా ఒక్క బిగువునే ఉన్నాయిరా. పత్తి మాత్రం కాదిది. మరి దీన్ని ఎలా బిగిస్తారు?"

ఇస్త్రీ పెట్టెతో అని చెప్పాను. జిగురుతో ఫ్రేముకి అంటించి, వేడి కొలిచి సరిచూసిన ఇస్త్రీ పెట్టెను మెల్లగా పెంచుకుంటూ, చివరికి 175 డిగ్రీల దగ్గరికి తెస్తే గుడ్డ కుంచించుకుని డప్పులా బిగుస్తుంది. అంతకు మించితే పట్టు వదిలేస్తుంది. ఆ తరవాత మైనం పట్టిన దారంతో లోపలి పక్కటెముకల్లాంటి కర్రలకి కుట్టి, ఎండ తినేయకుండా వెండిరంగు పూతలు వేయాలి. "కుట్టు ఒక్కటి తెగితే మొత్తం ఊడిపోద్దా?" అంది. ప్రతి కుట్టుకీ విడిగా ముడి ఉంటుందని చూపించాక గానీ ఆ తునక కింద పెట్టలేదు.

భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరిట విమానాశ్రయం పని మొదలైన దగ్గర్నుంచి మా వైపు కుర్రాళ్లకి విమానాల మీద చూపు పడింది. 2024 నుంచి కేంద్రంలో పౌర విమానయాన మంత్రి కూడా మన శ్రీకాకుళం ఎంపీయే. విజయనగరంలో ఇంటర్ చదువుతున్న మా అక్క కొడుకు "మావయ్యా, నానూ నీలాగ మెకానిక్కునవ్వాలంటే ఏటి సెయ్యాల?" అని అడిగాడు. ఇంటర్‌లో మాథ్స్, ఫిజిక్స్, కెమిస్ట్రీ ఉండాలి, పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ ఆమోదం ఉన్న కాలేజీయేనా కాదా అని ఫీజు కట్టకముందే చూసుకోవాలి, ఉద్యోగం గ్యారంటీ అనేవాళ్ల మాట వినకూడదు, ఇంగ్లీషులో మాన్యువల్ చదివి అర్థం చేసుకోవడం ఇప్పటినుంచే అలవాటు చేసుకోవాలి అని చెప్పాను. ఇవి ఎవరైనా చెప్పేవే. దాంతోపాటు వాణ్ని వాళ్ల వీధి చివర వడ్రంగి షెడ్డుకి తీసుకెళ్లాను. చిత్రికకి పదును ఎలా పెట్టాలో ఆ తాతగారు చూపించారు. పన్నెండుకి ఒకటి వాలుతో ఒక అతుకు తీసి, వెనక టార్చి వేసి ఫోటో పంపమని పురమాయించి నేను విమానం ఎక్కాను.

నిన్న ఫోటో వచ్చింది. టేకు తునకలు రెండు, వాలు బాగానే కుదిరింది. మధ్యలో మాత్రం వెంట్రుక మందాన వెలుతురు కనబడుతోంది. మళ్లీ తియ్యమని మెసేజ్ పెట్టాను.