దూది

"మేడమ్, కాస్త దూది ఉంటే ఇస్తారా?"

దెబ్బ ఏమైనా తగిలిందేమో అనుకున్నాను. కాదు. నేను ఇప్పుడే ఇచ్చిన మాత్రల డబ్బా మూత తీసి, ఆమె దూదిని ఉండలు చేసి లోపల కూరింది. మూత బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపి చూసింది. చప్పుడు లేదు. అప్పుడు సంచిలో టమాటాల కింద దాచింది.

"బస్సులో అందరూ మా ఊరివాళ్లే మేడమ్. గలగలమంటే ఏం మందులని అడుగుతారు." (ఊరి పేరు రాయను. నల్లగొండ నుంచి గంటన్నర దూరం.)

లేబుల్ మాత్రం చింపవద్దని చెప్పాను. ఇంకేం చెప్పను?

2004 ఏప్రిల్ 1న ఈ హెచ్‌ఐవీ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇవ్వడం మొదలైంది. అప్పట్లో పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. ఇప్పుడు చాలామందికి రోజుకు ఒక్కటే మాత్ర, అందులోనే మూడు మందులు. క్రమంగా వేసుకుంటూ, రక్తపరీక్షలో వైరస్ కనిపించనంత తగ్గి అలాగే ఉంటే, లైంగిక సంబంధం వల్ల భాగస్వామికి సోకదు. ఈమె రిపోర్టులోనూ కనిపించడం లేదు. బాబుకు 18 నెలలప్పుడు చేసిన చివరి పరీక్ష నెగెటివ్. ఆ రోజు ఆమె ఏడుస్తూనే నాకు లడ్డూ పెట్టింది.

2017 చట్టం ప్రకారం హెచ్‌ఐవీ ఉందని ఉద్యోగం తీసేయకూడదు, ఇల్లు అద్దెకు ఇవ్వననకూడదు. 2030 నాటికి ఎయిడ్స్ ముప్పు తొలగించాలన్నది లక్ష్యం. మందు సంగతి సరే, అది తన పని తాను చేస్తోంది. బస్సులో పక్క సీటు సంగతే నాకు అంతుపట్టడం లేదు.

సాయంత్రం ఇంటికి వస్తూ దూది కట్ట ఒకటి కొన్నాను. రేపటి నుంచి నా సొరుగులో ఉంటుంది.