పిన్ను పోయిన శనివారం

పదకొండు దాటింది, నిద్ర రావట్లేదు. డవ్‌టెయిల్, అంటే ఏటవాలు అంచులతో ఒకదాంట్లో ఒకటి జారే రెండు ఇనుప ముక్కల జత, ఆ పని ఈ రోజుతో అయిపోతుందనుకున్నా. ఆడ ముక్క పోయిన నెలే మిల్లింగ్ చేసి పెట్టా కదా, మగ ముక్క ఒక్కటే మిగిలింది. ముందు ఎండ్ మిల్ అనే తిన్నని కట్టర్‌తో నిలువు గోడలు దింపి, తర్వాత అరవై డిగ్రీల కట్టర్ స్పీడు తగ్గించి మెల్లగా పక్కనుంచి పెట్టా, మెడ సన్నం కాబట్టి తొందరపడితే పుటుక్కుమంటుంది. పోత ఇనుము పొడికి చేతులు, ముక్కు, టీ గ్లాసు అన్నీ నలుపే. అంతా బానే వెళ్ళింది. తీరా చూస్తే రెండు ముక్కల మధ్య సందులో పెట్టే రెండు మిల్లీల ఇత్తడి పట్టీ, జిబ్ అంటారు, అది దూరట్లేదు!

కొలత తప్పలేదే అని ఒకటే గింజుకున్నా. కింద 30 మిల్లీలు రావాలంటే రెండు మూలల్లో ఆరు మిల్లీల లావు గుండ్రటి పిన్నులు పెట్టి మైక్రోమీటర్‌తో పట్టుకుంటే 46.39 రావాలి, వచ్చింది కూడా. కానీ రెండో పిన్ను ఎక్కడ? మా చిన్నోడి బొమ్మ లారీకి ఇరుసు అయింది, ఆ లారీ ఏమైందో వాడికే తెలీదు. అందుకని రెండో వైపు పిన్నుకి బదులు ఆరు మిల్లీల డ్రిల్ బిట్‌ని, దాని నున్నటి కాడ వైపు నుంచి పెట్టా. అరిచాను వాణ్ణి, గట్టిగానే అరిచాను, అన్నం తినకుండా పడుకున్నాడు.

మా ఆవిడ వచ్చి చూసి "ఆ పట్టీనే కాస్త అరగదీయొచ్చుగా" అంది. ఒళ్ళు మండింది. వంకాయ ముక్కలా అది!

అసలు మండటానికి కారణం వేరే. 96లో ఐటీఐలో ఫిట్టర్‌కి డవ్‌టెయిల్ ఫిట్టింగ్ ఇచ్చారు, మిల్లింగ్ కాదు, హ్యాక్సాతో కోసి మూడు పలకల ఫైల్ పట్టుకుని రోజుల తరబడి రుద్దడం. మాస్టారు రెండు ముక్కలూ కలిపి కిటికీకి ఎదురుగా పెట్టి చూసేవారు, వెలుతురు గీత కనిపిస్తే మళ్ళీ వైస్ దగ్గరికి. నాది ఒక వైపు ఎక్కువ అరిగిపోయింది. సీనియర్ చెప్పాడని అంచు పొడుగునా సెంటర్ పంచ్ మొనతో దెబ్బలు కొట్టి లోహాన్ని ఉబ్బించా, పైన ఫైల్ కొట్టా, సందులో గ్రీజు కూడా రాశా. ఆయన కిటికీ దాకా కూడా వెళ్ళలేదు. బొటనవేలితో గ్రీజు తుడిచి, చుక్కలు చూసి, స్క్రాప్ డబ్బాలో పడేసి పక్కవాడి ముక్క అందుకున్నారు. ఒక్క మాట అనలేదు. ఆ డబ్బా చప్పుడు మాత్రం ఇప్పటికీ వినిపిస్తుంది. పట్టీ అరగదీయమంటే నాకు ఆ పంచ్ దెబ్బలే గుర్తొచ్చాయి.

ఇందాక మళ్ళీ షెడ్డుకెళ్ళి ఆ డ్రిల్ కాడని కొలిచా. 5.95! ఒక వైపు 0.05 తక్కువంటే, 46.39 వచ్చినా ముక్క వెడల్పులో దాదాపు 0.07 మిగిలిపోతుంది. అంటే మెటల్ ఇంకా ఉంది, ముక్క చెడలేదు. అదే లావు పిన్ను పడుంటే ఎక్కువ కోసేసి స్క్రాపే.

మళ్ళీ మెషిన్‌కి కట్టి సెట్ చేద్దామా అనుకున్నా, తర్వాత ఆలోచిస్తే, జిబ్ ఉన్నదే అందుకు కదా, ఆ సందుకి సరిపడేలా రుద్ది, స్క్రూలతో బిగించుకోడానికి. పంచ్ కొట్టడం దొంగతనం, ఇది ఫిట్టింగే. అంచు ఏటవాలు కాబట్టి పట్టీ మందంలో 0.06 తీస్తే చాలు, గాజు పలక మీద ఎమెరీ పేపర్, కాస్త నూనె. ఆవిడకి ఈ సంగతి చెప్పాలా వద్దా అనేది ఇంకా తేల్చుకోలేదు.

రేపు పొద్దున తొమ్మిది నుంచి పన్నెండు దాకా కరెంట్ ఉండదట. చేత్తో రుద్దడానికి కరెంటెందుకు. ముందు చిన్నోడికి ఇడ్లీ తేవాలి.