నా పేరులో అక్షరాలెన్ని: జావాస్క్రిప్ట్ లైబ్రరీ రాసిన నా అనుభవం

బెంగళూరు మారతహళ్లిలో పీజీలో ఉండి ఉద్యోగం వెతుక్కుంటూ, మూడు నెలల్లో ఒక చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ (ఎవరైనా తమ ప్రోగ్రాంలో వాడుకోగల రెడీమేడ్ ఫంక్షన్ల మూట) రాశాను. పేరు 'గుప్పెడు'. మొత్తం 12 ఫంక్షన్లు. నిన్న రాత్రే ఎన్‌పీఎంలో, అంటే జావాస్క్రిప్ట్ లైబ్రరీలు అందరికీ దొరికే ఆన్‌లైన్ గోదాములో పెట్టాను.

చంక్ (జాబితాను ముక్కలు చేసేది), యూనిక్ (మళ్లీ వచ్చినవి తీసేసేది), గ్రూప్‌బై (గుంపులుగా విడదీసేది) వారంలో అయిపోయాయి. క్లోజర్ (ఫంక్షన్ తను పుట్టిన చోటి వేరియబుల్స్‌ను గుర్తుంచుకోవడం) అర్థమైతే డిబౌన్స్ (వెంటవెంటనే వచ్చే పిలుపుల్లో చివరిదాన్నే నడిపేది) కూడా అంతే. డేటాను లోపలిదాకా కాపీ చేసే డీప్‌క్లోన్‌కి ఒకరోజు పోయింది. జేసన్‌గా (డేటాను మామూలు అక్షరాల్లో రాసే పద్ధతి) మార్చి వెనక్కి తెస్తే తేదీ కాస్తా స్ట్రింగ్, అంటే వట్టి అక్షరాల వరస అయిపోతుంది. అదే పని చేసే స్ట్రక్చర్డ్‌క్లోన్ బ్రౌజర్లోనే ఉందని తెలిశాక నాది తీసేశాను.

నన్ను ఏడిపించింది ట్రంకేట్. పొడవాటి మాటను కత్తిరించి చివర మూడు చుక్కలు పెట్టడం దాని పని. లెంగ్త్ (పొడవు) చూడు, స్లైస్ చెయ్యి (కొయ్యి), రెండు లైన్లు. మా ఇన్‌స్టిట్యూట్‌లో అలాగే చెప్పారు, అలాగే రాశాను.

ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక కంపెనీలో ఇంటర్వ్యూ. లైబ్రరీ చూపించమన్నారు. ఇంటర్వ్యూ చేసిన సార్‌ది కూడా తెలుగే. "శ్రీలక్ష్మి గారూ, మీ పేరులో అక్షరాలెన్ని?" అన్నారు. మూడు అన్నాను. "మీ ఫంక్షన్‌కి మీ పేరు తెలుగులో ఇచ్చి, హద్దు ఏడు పెట్టండి." మూడక్షరాల పేరు ఏడులో ఎందుకు పట్టదు? ధైర్యంగా ఎంటర్ కొట్టాను. స్క్రీన్ మీద 'శ్రీలక్...' అని వచ్చింది. లక్ష్మి తెగిపోయింది. పక్కనున్న ఇద్దరూ నవ్వారు. ఎందుకలా వచ్చిందని సార్ అడిగితే నోరు పెగల్లేదు. ఆ ఉద్యోగం రాలేదు. 500డీ బస్సులో ఏడుస్తూ వచ్చాను.

ఆ రాత్రే కన్సోల్ (కోడ్ రాసి వెంటనే నడిపి చూసే చోటు) తెరిచి పేరును విడదీశాను. శ, పొల్లు, ర, గుడిదీర్ఘం: శ్రీకే నాలుగు. ల ఒకటి. క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి: ఆరు. మొత్తం 11. జావాస్క్రిప్ట్ లెంగ్త్ లెక్కపెట్టేది యూటీఎఫ్-16 యూనిట్లను (కంప్యూటర్ రాతను దాచుకునే చిన్న ముక్కలను), మనం పలికే అక్షరాలను కాదు. కోడ్‌లో పేరు ముందు మూడు చుక్కలు పెట్టి స్ప్రెడ్ చేస్తే, అంటే ముక్కలుగా పరిస్తే సరిపోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి. ఎమోజీ లెక్క దానితో రెండు నుంచి ఒకటికి దిగింది, నా పేరు మాత్రం 11 దగ్గరే ఉంది.

చివరికి జావాస్క్రిప్ట్‌లోనే ఉన్న, రాతను ముక్కలు చేసే ఇంటిల్ సెగ్మెంటర్ దొరికింది. గ్రాఫీమ్ (చదివేవాళ్లకి ఒకే అక్షరంగా కనిపించేది) అని అడిగితే 6 అంది! శ్, రీ, ల, క్, ష్, మి. ఒత్తులన్నీ విడిపోయాయి. రెండు రోజులు నా కోడ్‌లోనే తప్పు వెతికాను. అనంతపురం నుంచి వచ్చిన రూమ్మేట్ తన ల్యాప్‌టాప్‌లో నడిపి, "అక్కా, నాకు మూడే వస్తోంది" అంది. తప్పు నా పాత నోడ్‌ది (జావాస్క్రిప్ట్‌ను బ్రౌజర్ బయట నడిపే ప్రోగ్రాం). యూనికోడ్ అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్‌లో వాడే ప్రమాణం; 2023 సెప్టెంబరులో వచ్చిన దాని 15.1 వెర్షన్‌లోనే తెలుగు ఒత్తులను విడగొట్టకూడదనే నియమం చేరింది. అంతకు ముందటి డేటాతో నడిచే నోడ్‌కి ఆ సంగతి తెలియదు. అప్‌డేట్ చేశాక నా పేరు మూడక్షరాలైంది. మంచం మీద నుంచి లేచి గెంతాను.

ఫీజు ముందే కట్టించుకుని, కోర్సు మొత్తంలో ఒక్క తెలుగు మాట కూడా టెస్ట్ చేయించని ఇన్‌స్టిట్యూట్‌ల మీద నాకు కోపమే. అందరూ తెలుగు పిల్లలే ఉన్న క్లాసు అది! కోర్సులో చేరేముందు, మీ ఊరి పేరు ట్రంకేట్ చేసి చూపించమని అడగండి.

ఎన్‌పీఎం సంగతి: పేరుకు ముందు యూజర్‌నేమ్ పెడితే ప్యాకేజీని (మనం పెట్టే లైబ్రరీని) ప్రైవేటు అనుకుని 402 ఎర్రర్ (డబ్బు కట్టాలని చెప్పేది) ఇస్తుంది. యాక్సెస్ పబ్లిక్ అని చెప్పాలి. ఒకసారి వాడిన వెర్షన్ నంబరు మళ్లీ వాడనివ్వదు, అందుకే నాది 1.0.1 దగ్గర మొదలైంది. టెస్ట్ ఫైల్లో మొదటి టెస్ట్ నా పేరే: హద్దు మూడు, ఏమీ తెగకూడదు.